భూతద్దం పెట్టిన టార్చిలైటు

మా నాయన మొలలో ఎప్పుడూ ఒక భూతద్దం ఉండేది. చిక్కపేట వెనక మా మగ్గాల మీద నేసిన ప్రతి పట్టుచీరనూ ఆ అద్దం కింద పోగుపోగూ చూసి, ఆయన సరేనన్నాకే కొట్లకు పంపేవాళ్ళు. పెట్టుబడి, పెత్తనం మా చిన్నాయనవి. నాయనకు ఉన్నదల్లా ఆ చూపు, దానివల్ల దక్కే మర్యాద.

నేనప్పుడు ఇంటర్మీడియట్ చదువుతున్నాను. నాలుగు ఫిజిక్సు పాఠాలు విని, నాకు తెలియనిది లేదనుకుంటున్న రోజులు. యుద్ధం నడుస్తోంది. రాత్రిపూట వెలుగు బయటికి కనపడకూడదని మగ్గాల షెడ్డు కిటికీలకు నల్లకాగితాలు అంటించాం. చిన్నాయన ఒక టార్చిలైటు కొన్నాడు గానీ, కొత్త సెల్లులు దొరకడం గగనమై దాని వెలుగు నాలుగు మగ్గాలు దాటేది కాదు. ముందు భూతద్దం పెడితే ఇంకా దూరం పోతుందని నేను వాదించాను. ఎండలో కాగితాన్ని కాల్చే అద్దం ఇంతమాత్రం చేయలేదా అని నా ధీమా.

"సదువుకున్నోడివి గదప్పా, చేసి చూపించు," అన్నాడు చిన్నాయన.

అమావాస్య నాడు మేం మగ్గం ముట్టం. ఆ మధ్యాహ్నం తలుపులు మూసి షెడ్డంతా చీకటి చేశాం. అడగ్గానే నాయన మారు మాట్లాడకుండా అద్దం తీసి ఇచ్చాడు. అంతకుముందు దాన్ని తాకితేనే కసిరే మనిషి. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

చివరి గోడకు ఒక చీర వేలాడదీశాం. అంచు మీది పువ్వులు తెలిసేంతగా వెలుగు పడుతోందో లేదో పక్కన నిలబడి ఒకరు చెప్పాలి. "అన్న కన్నుకు మించిన కన్ను యాడుండాది?" అంటూ చిన్నాయనే నాయనను అక్కడ నిలబెట్టాడు. ఆయన గోడవైపు తిరిగి చీర అంచు పట్టుకున్నాడు. నేను, చిన్నాయన ఇవతలి కొసన ఉన్నాం.

ముందు ఉత్త టార్చి వేశాను. "మసగ్గా ఉండాదప్పా," అన్నాడు నాయన. అద్దం పెట్టాను. "ఇప్పుడు మేలు. పువ్వులు కనపడతా ఉండాయి." నాకు మాత్రం ఆ గోడ మీద చిన్న పసుపు మరక తప్ప ఏమీ కనిపించలేదు. కొడుకు మాట గెలవాలని చెబుతున్నాడేమో అనుకున్నాను. చూసేవాడికి తెలియకుండా పరీక్ష మార్చి చూడాలని కాలేజీలో చెప్పారు కదా, బటన్ నొక్కి టార్చి ఆర్పేశాను. టక్కుమని చప్పుడైంది.

"ఇది ఇంకా బాగుండాదప్పా. ఏడు పువ్వులూ తెలుస్తా ఉండాయి."

నేను పగలబడి నవ్వాను. "టార్చి ఆర్పేసినా నాయనా," అన్నాను.

చిన్నాయన నవ్వలేదు. వెళ్ళి తలుపు తీశాడు. నాయన వేళ్ళు ఇంకా ఏడో పువ్వు మీదే ఉన్నాయి. ఆ వారం ఆయన సరేనన్న చీరలన్నీ చిన్నాయన వెలుతుర్లో పరిచాడు. ఒకదాంట్లో జానెడు పొడుగున పోగు తెగి ఉంది.

"ఇంక నువ్వు సుకంగా కూర్చో అన్నా," అన్నాడు ఎంతో మెత్తగా. మర్నాటికి భూతద్దం చిన్నాయన బామ్మర్ది మొలలోకి చేరింది. పట్టుకీ నూలుకీ తేడా తెలియని దద్దమ్మ వాడు. నాయన ఆడవాళ్ళ పక్కన కూర్చుని పట్టుదారం కండెలు చుట్టేవాడు. కంటి డాక్టరుకు చూపిద్దామని చిన్నాయన అనలేదు. అనలేదని ఆయన్ని ఇన్నేళ్ళూ తిట్టుకున్నాను గానీ, నేను మాత్రం అన్నానా?

ఆరు నెలలకు ఒక రోజు, కండె చుడుతూనే నాయన అడిగాడు. "ఇంతకీ ఆ పొద్దు అద్దం పెడితే వెలుగు దూరం పోయినాదా?"

పోలేదు. ఉన్న కాస్త వెలుగునూ అద్దం సగం మింగింది. "పోయింది నాయనా," అన్నాను.

"నాకూ అట్లే కనపడిందప్పా," అన్నాడు.