మీగడరంగు సీట్లు

మేనేజరు దొర కారులో సీట్ల రెగ్జిన్, తలుపుల లోపలి వైపు, పైకప్పు గుడ్డ అన్నీ మీగడ రంగు. గోదావరిఖనిలో వేపాకు కూడా నల్లగా ఉంటుంది. అలాంటి ఊళ్లో అలాంటి కారు కొన్న మనిషి దాన్ని తనే తుడుచుకోవాలని అనుకొని ఉండడు. తుడిచేది పోశం.

పోశానిది కమాన్‌పూర్. పంతొమ్మిది వందల అరవైల నడుమ బొగ్గుబాయిలో తట్టా చెమ్మస్ పనికి కుదిరాడు. పారతో బొగ్గు తట్టకెత్తి, మోసుకెళ్లి పట్టాల మీద నడిచే ఇనుప టబ్బులో పొయ్యడం ఆ పని. ఒకనాడు రెండు టబ్బుల మధ్య అతని చిటికెనవేలు నలిగింది. మానేదాకా పైన తేలికపాటి డ్యూటీ ఇమ్మని దవాఖానలో రాసిచ్చారు. పైన వేరే పనేదీ లేక అతన్ని బంగళాకు కారు తుడవమని పంపారు. నెల తిరక్కుండా వేలు మానింది. పోశం మాత్రం బంగళాలోనే ఉండిపోయాడు.

తప్పు అతనిదే. పని బాగా చేశాడు. అంతకుముందు తుడిచినవాళ్లు తడిగుడ్డతో మొదలుపెట్టేవారు. బొగ్గుపొడికి నీళ్లు తగిలితే కాటుకలా మెత్తబడి కుట్లలోకి దిగుతుంది, ఇక రాదు. పోశం తను గడ్డం గీసుకునే పాత బ్రష్‌తో ముందు పొడిపొడిగా కుట్టు వెంట కుట్టు దులిపేవాడు. ఆ తర్వాతే కుంకుడు నురగ. బూట్లు రాసుకుని తలుపుల మీద పడే నల్లగీతలకు బడిపిల్లల రబ్బరు. తలనూనె మరకైతే ముగ్గుపిండి చల్లి పూటంతా వదిలేసేవాడు. కారు తెల్లగా ఉన్నంతకాలం పోశాన్ని కిందికి పంపాలని ఎవరికీ తోచలేదు.

అతనికి మాత్రం రోజూ తోచేది. బాయిలో షిఫ్టు అయిపోతే కూత పడుతుంది. కూత పడ్డాక మనిషి ఎవరి మాటా వినక్కర్లేదు. బంగళాలో కూత లేదు. అమ్మగారు బజారుకెళ్తే కారు, దొర క్లబ్బుకెళ్తే కారు, వాళ్లు తిరిగొచ్చాక మళ్లీ బ్రష్. కల్లు కాంపౌండులో పాత జట్టువాళ్లు బాయి కప్పు కూలడం గురించి, దానికి ఆసరాగా దుంగలు నిలబెట్టడం గురించి మాట్లాడుకుంటుంటే పోశం దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. "ఏం బామ్మర్ది, దొరసాని సీటు తెల్లగయిందా?" అని జట్టు సర్దార్ కొమురెల్లి అడిగితే అందరూ నవ్వేవారు. పోశం కూడా నవ్వేవాడు, నవ్వకపోతే ఇంకా అంటారని.

అయినా చోటు చూపించింది కొమురెల్లే. ఆ ఏడు దసరా ముందు అతని జట్టులో ఒక మనిషి తగ్గాడు. "సోమారం దాకా ఆపుత. దొరతోని మాట్లాడుకో. గా దినం దాటితే నా చేతుల లేదు" అన్నాడు. పోశం అడిగితే, మేనేజరు "పండగ వెళ్లనీ, చూద్దాం" అన్నాడు. కాదనలేదు గనుక పోశం ఆశ పెట్టుకున్నాడు.

దసరాకు బాయి మీద ఇంజన్లకు పూజ చేసినట్టే బంగళాలో కారుకూ చేస్తారు. చేసింది డ్రైవర్ ఎల్లేశం. పోశం జమ్మి పెట్టుకోవడానికి ఊరికి వెళ్లి, మర్నాడు తిరిగొచ్చేసరికి షెడ్డు ముందు ఎల్లేశం చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక సీటు నడుమ ఎర్రటి మరక, చాటంత.

"యాటను కారులనే కోసినవా ఏంది కాక?"

ఎల్లేశం నవ్వలేదు. "పసుపు బిడ్డా. పళ్లెం సీటు మీద పెట్టిన, ఒలికింది. సబ్బు పెట్టి రుద్దిన. రుద్దినకొద్ది ఎర్రగైతాంది."

పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుందని బట్టలుతికే ఏ ఆడమనిషినడిగినా చెబుతుంది. ఎల్లేశం ఎన్నడూ బట్టలు ఉతికినవాడు కాడు.

"అమ్మగారు చూసిన్రా?"

"ఇంక లేదు. రేపు మాపటికి పెద్దపల్లి టేషన్‌కు పోవాలె. వాళ్ల తమ్ముడు వస్తుండట." ఎల్లేశం గొంతు తగ్గించాడు. "మొన్న కారు గేటుకు రాసుకున్ననాడే దొర అన్నడు, ఇంకో తప్పైతే పని లేదని. నేను పర్మినెంటు గూడ కాదు."

మొదటి షిఫ్టు దిగి బంగళా వెనక దారిన పోతున్న కొమురెల్లికి సంగతి తెలిసింది. పోశాన్ని గోడ దగ్గరికి పిలిచాడు.

"ముట్టకు. గట్లనే ఉండనియ్యి. దొరకు కోపమొచ్చి నిన్ను బాయిలకు తోలుతడు. నీకు కావల్సింది గదే గదా?"

"ఎల్లేశం కాక?"

"ఆయన సంగతి ఆయన చూసుకుంటడు. పసుపు పళ్లెం సీటు మీద పెట్టుమని నువ్వు చెప్పినవా?"

మాట సబబుగానే ఉంది. మరక ఉంటే తను బాయిలో పడతాడు, ఎల్లేశం రోడ్డున పడతాడు. ఆ పూటంతా పోశం సీటు జోలికి పోలేదు. ముందు తలుపు తుడిచాడు, తుడిచిందే మళ్లీ తుడిచాడు. పొద్దు వాలేముందు లేచి వంటింటి వైపు వెళ్లి ఇంత చింతపండు అడిగి తెచ్చాడు.

పులుసు తగలగానే ఎరుపు విరిగి మళ్లీ పసుపైంది. కుంకుడు నురగతో కడిగితే సగం పోయింది. మిగిలిన సగానికి ఎండ తప్ప మందు లేదు. తెల్లవారాక సీటును ఊడదీసి షెడ్డు వెనక గద్దె మీద ఎండకు పెట్టాడు. గోదావరిఖనిలో ఆరుబయట పెట్టిన తెల్లటిదేదీ పూట కూడా తెల్లగా ఉండదు. అందుకని పోశం పక్కనే నిలబడి, పడిన బొగ్గుపొడిని పడినట్టే బ్రష్‌తో దులుపుతూ, తన నీడ మరక మీద పడకుండా ఎండతోపాటు జరుగుతూ ఉన్నాడు. ఎల్లేశం అన్నం తెచ్చి పెడితే నిలబడే తిన్నాడు.

మధ్యాహ్నానికి మరక నిమ్మపండు రంగులోకి వచ్చింది. అప్పుడే లోపల పెట్టేసినా పోశాన్ని ఎవరూ తప్పు పట్టేవారు కాదు, ఎల్లేశంతో సహా. అమ్మగారి కంటికి మాత్రం కనబడేది. పోశం పెట్టలేదు. అదంతా ఎల్లేశం కోసమేనంటే పూర్తి నిజం కాదు. మరకను చూస్తూ వదిలెయ్యడం అతనికి చేతకాదు. మూడో జాముకు మరక ఎక్కడుందో అతనే వెతుక్కోవలసి వచ్చింది.

"నా బతుకు నిలబెట్టినవ్ బిడ్డా" అన్నాడు ఎల్లేశం.

"వచ్చేటి దసరాకు బొట్టు చక్రాలకు పెట్టు కాక. లోపటికి రాకు."

సాయంత్రం స్టేషన్ నుంచి వచ్చిన మేనేజరు బావమరిది దిగుతూనే లోపల చెయ్యి వేసి చూశాడు. "ఈ బొగ్గు ఊళ్లో ఇంత తెల్లగా ఎలా ఉంచారు బావగారూ?"

"పోశమని మావాడున్నాడు" అన్నాడు మేనేజరు.

శనివారం పోశం వరండా మెట్ల కింద నిలబడి మళ్లీ అడిగాడు. "దొరా, కొమురెల్లి జట్టుల జాగ ఉన్నది. సోమారం లోపల..."

"ఆ చీకట్లోకా? తట్ట మోసేవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. నీలాంటివాడు అక్కడెందుకోయ్. హాయిగా నీడపట్టున ఉండు."

కోపంగా అన్నా బాగుండేది. ప్రేమగానే అన్నాడు. లోపల్నుంచి అమ్మగారు పోశానికి టీ ఇమ్మని కేకేసింది. సోమవారం ఆ చోటుకు రాజం అనే కుర్రవాడు వెళ్లాడు.

తర్వాత కొన్నేళ్లకు మేనేజరుకు బెల్లంపల్లి బదిలీ అయింది. సామాను లారీకెక్కుతున్న రోజు పోశం గుండె తేలికపడింది. కారు పోతే తుడిచే మనిషితో ఎవరికేం పని? కొత్త మేనేజరుకు జీపు ఉందని ఎవరో చెప్పారు. పోశం బాయిలో పనిచేసే తెలిసినవాణ్ని అడిగి బాయి బూట్లు కూడా చూసి పెట్టుకున్నాడు.

వెళ్లేముందు పాత మేనేజరు అతని భుజం మీద చెయ్యి వేసి కొత్తాయన ముందుకు నడిపించాడు. "ఇతనే నేను చెప్పిన పోశం. ఇతన్ని మాత్రం వదులుకోకండి." మేలు చేస్తున్న మనిషి ముఖం అతనిది. పోశం దండం పెట్టాడు.

కొత్తాయనకు జీపుతోపాటు కారూ ఉంది. రెండో రోజు రైల్లో వచ్చి దిగింది. ఎల్లేశం తలుపు తెరిచి చూసి పక్కకు తప్పుకున్నాడు. లోపల సీట్లు మీగడ రంగు కూడా కాదు, తెలుపు. ప్రయాణంలో ఎవరి బూటో తగిలి తలుపు కింద పొడుగ్గా నల్లగీత పడి ఉంది.

బాయి మీద రెండో షిఫ్టు కూత పడింది. పోశం జేబులోంచి రబ్బరు తీసి మోకాళ్ల మీద కూర్చున్నాడు.