పొన్నమ్మాళ్ ముందుపాట

మా అత్తగారు పొన్నమ్మాళ్ గొంతెత్తితే తళవాయిపురం బస్సులో కూర్చున్నవాళ్ళు కూడా తల తిప్పాల్సిందే. మా వీధి అమ్మవారి పండుగలో, మొలకల కుండల చుట్టూ చప్పట్లు కొడుతూ ఆడే కుమ్మికి ముందుపాట ఆవిడదే. నిరుడు మాత్రం పాట సగంలో ఆయాసమొచ్చి కూలబడింది. ఉబ్బసం! మిగతా పాట పక్కింటి పంకజవల్లి అందుకుంది. ఈసారి కూడా అలాగే అవుతుందేమోనని అత్తగారికి ఏడాదంతా ఒకటే బెంగ.

డాక్టరు చెప్పినవన్నీ పట్టుబట్టి నేనే చేయించాను. దోమల కాయిల్ మానేశాం. దిండ్ల గలీబులు వేడినీళ్ళలో ఉతుకుతున్నాను. దుమ్ము లేవకుండా ఇల్లు తడిగుడ్డతో తుడుస్తున్నాం. తెల్లవారగానే ఇద్దరం నడకకు పోతాం. రెండు పూటలా ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించాలి. అదే ఆవిడకు పరువు తక్కువ! బాత్రూంలో తలుపేసుకుని మరీ పీల్చేది.

"ఎవరన్నా చూస్తే రోగిష్టిదంటారే, వినోదినీ!"

"అననీండి అత్తా. కళ్ళద్దాలు పెట్టుకొనేవాళ్ళు దాక్కొంటారా ఏమి?"

ఇక శుక్రవారం తలంటుకుంటే తడిజుట్టుకు సాంబ్రాణి పొగ పట్టాలి, లేకుంటే ఆవిడకు అది స్నానమే కాదు. నాకు ఒళ్ళుమండి ధూపం మూకుడు అటకెక్కించాను. కొన్నాళ్ళు మూతి ముడుచుకుంది గానీ, పిల్లికూతలు బాగా తగ్గాయి.

పండుగ రానే వచ్చింది. ముందుపాట పాడే మనిషి జుట్టుకు ముందుగా పొగ వెయ్యడం మా వీధి పద్ధతి. పంకజవల్లే మూకుడు పట్టుకొచ్చింది. కాదంటే అపచారమంటారు, సరేనంటే పాట పోతుంది.

"నాకు పూలు చాలు. పొగ ఒద్దు," అంది అత్తగారు. పాటకు ముందు పీల్చమని డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ రొంటిలోంచి తీసి, అందరి ముందే పీల్చింది. ఆడవాళ్ళంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు.

"ఏమి చూస్తారు? ఉబ్బసానికి మందు, అంతే. కొట్టండి చప్పట్లు!"

పాట ఎక్కడా ఆగలేదు. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి తన్నుకొచ్చాయి.

అందరూ వెళ్ళాక పంకజవల్లి మా వంటింట్లోకి వచ్చి నిలబడింది.

"పొన్నమ్మక్కా, ఆ డాక్టరు ఎక్కడ ఉండేది? నిరుటి నుంచి నాకూ పిల్లికూతలే. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా ఉండినాను," అంటూనే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది.

అత్తగారు ఆమె వీపు నిమిరింది.

"రేపు నేనే పిలుచుకొని పోతాను. ముందు ఆ మూకుడు తెచ్చి మా వినోదిని చేతికి ఇచ్చేయి."