మగ్గానికి అవతలి చేయి

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరి చేయి నొచ్చినా నేరం మగ్గానిదే. వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాలు నేసే ఇల్లు. పెళ్లి పందిట్లో పరిచే వెడల్పు జంపఖానాకు ఒక్క మనిషి చేతులు ఈ కొస నుంచి ఆ కొసకు అందవు. అందుకని మగ్గం గుంటలో ఇద్దరు పక్కపక్కన కూర్చునేవాళ్లు. కుడివైపు మా మేనత్త, ఎడమవైపు మా బాపు. నూలు కండె పెట్టిన నాడెను ఆమె దారాల మధ్య నుంచి తోస్తే ఆయన ఎడమచేత్తో అందుకునేవాడు. ఆయన తిప్పి తోస్తే ఆమె అందుకునేది. ఒకరి చేయి మెల్లబడితే మొదట తెలిసేది పక్కనున్నవాళ్లకే.

మా వాడలో చేయి నొప్పిని ఎవరూ జబ్బు అనుకోరు. ఆముదం రాసి, వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టి, మళ్లీ గుంటలోకి దిగుతారు. మా అత్త భర్త కూడా అలాగే దిగాడు. ఆయన ఎడమచేయి లాగుతోందంటే అత్త స్వయంగా కాపడం పెట్టింది. ఆయన మగ్గం మీదికి వాలి ప్రాణం విడిచిన తర్వాత ముట్టుకుంటే ఉప్పు మూట ఇంకా వెచ్చగానే ఉందట. ఆ తర్వాతే ఆమె మా ఇంటికి వచ్చింది. నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

డెబ్బైల చివర్లో మా బాపు తోసే నాడె మెల్లబడింది. అత్త ఆయనను చేయి పట్టుకుని పెద్ద దవాఖానకు లాక్కుపోయింది. జబ్బు చేతిది కాదు, గుండెకు నెత్తురు తీసుకుపోయే నాళాలు సన్నబడ్డాయన్నాడు డాక్టర్. మందులు రాసిచ్చి, బీడీ మానమన్నాడు. ఉప్పు, తొక్కులు తగ్గించి రోజూ నడవాలన్నాడు. మగ్గం మీద సగం పొద్దు మించి కూర్చోవద్దన్నాడు. మా బాపు తలూపి వచ్చి, గుంట అంచున కూర్చుని బీడీ ముట్టించాడు.

"డాక్టర్‌కేమెరుక మగ్గం సంగతి? బీడీ లేకుంటె నాడె కదలదక్కా."

అత్త తిట్టింది, బతిమాలింది, బీడీ కట్టలు దాచింది. ఆయన కొత్తవి తెచ్చుకున్నాడు. ఒక రోజు నుంచి ఆమె ఆ మాట ఎత్తడమే మానేసింది. ఒప్పుకుందేమో అనుకున్నాం.

నాకు ఏడో తరగతి పబ్లిక్ పరీక్షలు వచ్చాయి. లెక్కల పరీక్ష రోజు పొద్దున తల దువ్వించుకుని, పరీక్ష అట్ట చేత పట్టుకుని గడప దాటబోతున్నాను. అత్త వచ్చి ఆ అట్ట లాక్కుని గూట్లో పెట్టింది. నా మెడ మీద చెయ్యేసి నడిపించి, గుంటలో మా బాపు జాగాలో కూర్చోబెట్టింది.

"అత్తా, పరీక్షకు టైమైతాంది."

"ఏం పరీక్షనే! నాడె పట్టు."

నా కాళ్లు అడుగున తొక్కే కట్టెలకు అందలేదు. ఆమె నన్ను అంచు చివరికి జరిపింది. బాపు వాకిట్లో బీడీ తాగుతున్నాడు. "పిచ్చి లేసిందా అక్కా? పిల్లను లేవనియ్యి" అని అరిచాడు.

అత్త గొంతు పెంచలేదు. "నువ్వు తాగు తమ్మీ, మంచిగ తాగు. నువ్వు పోయినంక నీ జాగల కూసునేది ఇదే గదా. అప్పుడు నీకు కనవడదు. గియ్యాల కండ్లార చూసుకో."

పక్కిళ్లవాళ్లు తలుపు దగ్గర మూగారు. "గానియ్యి వదినె, లెక్కలు రాసి గిదేమన్న కలెక్టరైతదా" అన్నాడొకడు. అందరూ నవ్వారు. మా అమ్మ మూలన కండెలు చుడుతూ తల ఎత్తలేదు.

"ఆ బీడీ కట్ట పొయ్యిల ఎయ్యి. పిల్లను ఇడుస్త" అంది అత్త.

నలుగురి ముందు ఓడిపోవడం మా బాపు వల్ల కాలేదు. నా కళ్లలోకి చూస్తూనే ఇంకో బీడీ ముట్టించాడు. అత్త చేసిన దానికంటే నన్ను ఎక్కువ కోసింది అది.

నాడె ఇటు వచ్చింది, అటు తోశాను. ఏడుపుతో దారాలు కనబడలేదు. ప్రతి పోగు తర్వాతా దాన్ని బిగించడానికి పన్నెను ముందుకు లాగి కొట్టాలి. అత్త ఆ కొట్టే జోరు ఏమీ తగ్గించలేదు. బడి గంట వినబడి నేను అటు తల తిప్పాను. పన్నె నా వేలి మీద పడింది. తెల్ల పోగు మీద నెత్తురు చుక్క చూసి మా బాపు లేచాడు. బీడీ కట్ట పొయ్యిలో విసిరేశాడు. నన్ను గుంటలోంచి ఎత్తి, అట్ట అందుకుని, చేయి పట్టుకుని బడి వైపు పరుగు తీశాడు.

పరుగెత్తకూడని మనిషి పరుగెత్తాడు. బడి గేటు కనబడేంత దూరంలో ఒక అరుగు మీద కూలబడ్డాడు. ముఖమంతా చెమట. "నువ్వు ఉరుకు బిడ్డా" అన్నాడు. నేను ఆయన ఛాతీ మీద చేయి పెట్టి చూశాను. నేత తప్పిన మగ్గంలా ఉంది, రెండు దెబ్బలు గబగబా, తర్వాత ఒకటి లేనే లేదు. గేటు ఇంకా తెరిచే ఉంది. నేను పోలేదు. రిక్షా అతన్ని కేకేసి దవాఖానకు తీసుకుపోయాను.

బాపు బతికాడు. వార్త విన్న అత్త "బతికిండు గదా" అని మాత్రం అంది. నా పరీక్ష మాట ఎవరూ ఎత్తలేదు. ఆయన సగం పొద్దే కూర్చోవాలి కాబట్టి మిగిలిన సగం పొద్దు ఎవరో ఒకరు కూర్చోవాలి. అత్త బెదిరింపుకు ఆడిన ఆట నిజమైంది. నా చదువు ఆ లెక్కల పరీక్షతోనే ఆగింది.

బాపు మళ్లీ బీడీ ముట్టలేదు. డాక్టర్ చెప్పిన నడకకు సాయంత్రాలు నన్ను వెంటబెట్టుకుని లైబ్రరీ దాకా నడిచేవాడు. నేను లోపల చదువుతుంటే మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాడు. మొదట వెతికి చదివింది గుండె గురించే. గుండె అరల నిండా నెత్తురే ఉంటుంది, కానీ అందులోంచి అది నేరుగా తీసుకునేది లేనట్టే. తన పైన పాకిన సన్నటి నాళాలు తెచ్చిస్తేనే దానికి తిండి. ఊరందరికీ జంపఖానాలు నేసి చిరిగిన చాపల మీద పడుకునే మాకు అది కొత్తగా అనిపించలేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య గుండె సడలుతుందనీ, ఎక్కువగా ఆ సడలినప్పుడే దాని తిండి దానికి అందుతుందనీ చదివాను. గుండె నొప్పినీ చేతి నొప్పినీ మోసే నరాలు వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయట. అందుకే మెదడు ఒకదాన్ని ఇంకొకటి అనుకుంటుంది. మా వాడంతా చేసిన తప్పు మొదట మెదడే చేస్తుందని తెలిసి, ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాను. బాపు విన్నాడు. అత్త కండెలు ఏరుకుంటూ వింది.

ఆ ఇద్దరి మధ్య మాటలు మాత్రం ఆ రోజుతోనే పోయాయి. నా చదువు పోయిందని బాపు ఆమెను క్షమించలేదు. ఏళ్ల తరబడి అదే గుంటలో పక్కపక్కన కూర్చుని, ఒకరు తోసిన నాడెను ఇంకొకరు అందుకుంటూ, ఒక్క మాట మాట్లాడుకోలేదు.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం అత్తకు దవడ నొప్పి మొదలైంది. పన్ను అనుకుని పొగాకు ముక్క నొక్కుకునేది. ఊరికే చెమటలు పోస్తే ఎండ అనుకుంది. ఒక మధ్యాహ్నం నాడె అటు పోయింది, తిరిగి రాలేదు. బాపు తల తిప్పి చూసేసరికి ఆమె అచ్చం తన భర్తలాగే మగ్గం మీదికి వాలి ఉంది.

చేయి నొప్పి గుండెది కావచ్చని చెప్పిన పుస్తకాలు దొరికాయి. ఆడవాళ్లకు అది దవడ నొప్పిగానో, ఆయాసంగానో, ఒట్టి అలసటగానో కూడా రావచ్చని రాసిన పుస్తకం నా చేతికి ఆమె పోయాకే వచ్చింది. ఆ పేజీ బాపుకు చదివి వినిపించాను.

"పోయే ముంగట నెల సంది నాడె మెల్లగ వస్తుండె. కోపం మీదున్నదనుకున్న బిడ్డా" అన్నాడు.

ఒక్క మాట అడిగి ఉంటే చాలు. అడగడానికి మాటలు లేవు.

బాపు ముసలివాడై, నిద్రలో పోయాడు. ఆ ఆయుష్షు అత్త పెట్టిందే. నా చదువు పోయిందీ ఆమె వల్లే. ఈ రెండింటినీ కలిపి ఒక మాట అనడం నాకు ఇప్పటికీ చేతకాదు. పన్నె పడిన వేలు చలికాలంలో ఇంకా నొస్తుంది.

మా తోడికోడలికీ నాకూ ఏళ్లుగా మాటల్లేవు. మొన్న ఒక పెళ్లిలో ఆమె మేడ మెట్లెక్కుతూ నడుమ ఆగి, పక్కనున్న కమ్మీ పట్టుకుని నిలబడింది. జనంలోంచి తోసుకుంటూ వెళ్లి "ఆయాసమొస్తాందా? దవడ గిట్ల గుంజుతాందా?" అని అడిగాను. నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకుంది. నేను ఆమె మొహం తిప్పుకున్న వైపుకు చుట్టి వెళ్లి మళ్లీ అడిగాను.