తమ్ముణ్ణి అడిగి విప్పిన బోల్టులు

మా పెద్దబాపు పోయారు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు పక్కన ఉన్న మా షెడ్డులో, స్టూలు మీద కూర్చుని, చేతిలో పానాతోనే పోయారు. ఫోన్ చేసిన అన్న, అంటే ఆయన కొడుకు, "బాపు పోయిండు. నువ్వు నిమ్మలంగ రా" అన్నాడు. ఏళ్ల తరబడి నన్ను వేగంగా పంపడానికే తంటాలు పడిన మనిషి దగ్గరికి నిమ్మళంగా వెళ్లడం నాకు చేతకాలేదు.

మాది కార్ల రేసుల టీం. టీం అంటే పెద్ద మాట. నలుగురం ఇంటివాళ్లం, మట్టిరోడ్ల మీద పరుగెత్తే ఒక చిన్న కారు, అంతే. మెకానిక్కు, మేనేజరు, తిట్టేవారు అన్నీ పెద్దబాపే. అన్న నా పక్క సీట్లో కూర్చుని రాబోయే మలుపులు చెప్పేవాడు. పెద్దమ్మ వాచీ పట్టుకుని టైము చూసేది. తోలేది నేను. పట్నం టీంలు గుడారాలు వేసుకుని, అందరూ ఒకే రంగు చొక్కాలతో దిగేవి. మేము జొన్నరొట్టెల డబ్బాతో దిగేవాళ్లం. ఎవరైనా వింతగా చూస్తే పెద్దబాపు వాళ్ల చేతిలో ఒక రొట్టె పెట్టి, వాళ్ల ఇంజను సంగతులన్నీ కూపీ లాగేవారు.

నాకంటే ముందు టీంకు డ్రైవరు మా నాన్న, పెద్దబాపు తమ్ముడు. నా చిన్నప్పుడు, లింగంపేట దాటాక ఉన్న కల్వర్టు దగ్గర ప్రాక్టీసులో ఆయన కారు గోడకు గుద్దుకుంది. అట్లా పోయినవాళ్లను ఇంటికి తేకూడదని పెద్దలు అన్నారట. దవాఖాన నుంచి అటునుంచి అటే కాటికి తీసుకుపోయారు. ఆ రోజు వాకిట్లో ఎదురుచూస్తూ నిలబడ్డ అమ్మ దగ్గరికి నాన్న రానేలేదు.

పెద్దయ్యాక నేను తోలుతానంటే అమ్మ ఒకటే షరతు పెట్టింది. "ఆ బండి మళ్ల రోడ్డెక్కొద్దు."

"ఎక్కది" అని పెద్దబాపు మాట ఇచ్చారు. దాన్ని షెడ్డు మూలకు తోసి, టార్పాలిన్ కప్పి, నాకోసం అదే రకం కారు ఇంకొకటి తెచ్చారు. ఆ మూలకు పోవాలంటే నాకు భయంగా ఉండేది. పోలేదు కూడా.

నా కారులో ఏదైనా అరిగిపోతే పెద్దబాపు నన్ను చాయ్ తాగి రమ్మనేవారు. తిరిగి వచ్చేసరికి గేర్‌బాక్సో, సీటో మారి ఉండేది. కొత్తదా అని అడిగితే, "కొత్తదా పాతదా అనకు బిడ్డా. పట్టుకుంటదా లేదా చూడు" అనేవారు. కొత్త సామాను వచ్చిన అట్టపెట్టె ఒక్కటీ కనబడదేమని నాకు తట్టనే లేదు. రేసుకు ముందు మాత్రం బానెట్ మీద అరచెయ్యి ఆనించి, "గెలుసుడు తర్వాత, ఇంటికొచ్చుడు ముందుగాల" అనేవారు. ఆ మాట నాతోనే అంటున్నారనుకునేదాన్ని.

పోను పోను కారు తీరు మారింది. మూడో గేరు వేద్దామని అనుకునేలోపే లివరు చేతిలోకి వచ్చేది. లింగంపేట దారిలో ఎంత తొక్కినా ఆ కల్వర్టు ముందు ఊపు తగ్గేది. పెద్దబాపుకు చెబితే బాగు చేయలేదు. "దాన్ని గట్లనే ఉండనియ్" అన్నారు. ఎల్లారెడ్డిలో, మా నాన్న తోలడం చూసిన ముసలాయన ఒకరు, నేను హెల్మెట్ తీసేదాకా దగ్గరికి రాలేదు. కారు చప్పుడు వింటే పెరట్లోకి వెళ్లిపోయే అమ్మ, ఈ మధ్య కొంగు సర్దుకుని వాకిట్లోకి రావడం మొదలుపెట్టింది. ఎందుకమ్మా అంటే, "ఏమో, లేవాలనిపిస్తది" అనేది.

దినాలు అయిన మర్నాడు అన్నా నేనూ షెడ్డు సర్దుతూ ఆ టార్పాలిన్ లాగాం. కింద నాన్న కారు డొల్ల ఉంది. కుడి పక్క నుజ్జయిన రేకు. ఇంజను లేదు, గేర్‌బాక్సు లేదు, సీట్లు లేవు, ఎడమ పక్క డోర్లు లేవు. స్టీరింగ్ ఒక్కటే అట్లాగే ఉంది.

"ఇవన్నీ ఏడవోయినయ్ అన్నా?"

అన్న బయట ఆగి ఉన్న నా కారు వైపు చూశాడు.

"బాపు దొంగతనంగ తియ్యలే" అన్నాడు. "ప్రతిసారి ముంగట కూసొని అడిగేటోడు. 'తమ్మీ, బిడ్డ బండికి గావాలె, ఇస్తవా' అని. బోల్టు తిరిగితే తీసేటోడు. తిరగకపోతే, ఇయ్యాల ఇయ్యడట అని పానా కింద పెట్టేటోడు."

"మరి స్టీరింగ్?"

"శానసార్లు అడిగిండు. అది ఇయ్యలే."

చదివే మీకు ఇది పిచ్చిగా తోచవచ్చు. నాకు మాత్రం ముందు కోపమే వచ్చింది. డొల్లను కదపకుండా మాట నిలబెట్టుకున్నాననుకునే తెలివి మా పెద్దబాపుకే చెల్లింది. కానీ నాన్న ముఖం సరిగా గుర్తులేని నన్ను, ఇన్నేళ్లూ ఆయన ఒళ్లో కూర్చోబెట్టి పంపారు ఈ మనిషి. పెద్దబాపు ఉండగా ఆ రుణం తెలియలేదు, కాళ్లకు మొక్కలేదు.

ఇక అమ్మకు చెప్పాలి. చెబితే కారు ఆగిపోతుంది, టీం కూడా ఆగిపోతుంది. దాచి తోలడం నావల్ల కాలేదు. చెప్పేశాను.

అమ్మ, "ఎడమ దిక్కు డోరు గూడనా?" అంది. అవునన్నాను. లేచి వెళ్లి, ఎన్నడూ తాకని ఆ కారు డోరు తీసి, నా పక్క సీట్లో కూర్చుంది. "తోలు. లింగంపేట దిక్కు."

మిట్టమధ్యాహ్నం, రోడ్డు మీద ఎవరూ లేరు. నేను బ్రేకు తొక్కకముందే కారు కల్వర్టు దగ్గర ఆగింది. అమ్మ దిగలేదు. అద్దం దించి, నిద్రపోతున్న మనిషిని లేపుతున్నంత మెల్లగా, "ఇగ ఇంటికి పోదాం, రాండ్రి" అంది.

కామారెడ్డి దాకా గేరు మార్చినట్టు కూడా నాకు గుర్తులేదు.

వాకిట్లో అమ్మ దిగింది. లోపలికి పోతుందనుకున్నాను. పోలేదు. వెనక డోరు తెరిచింది. రేసు కారుకు వెనక సీటుండదు, ఇనుప పైపులూ స్టెప్నీ తప్ప. ఒక పొడుగు మనిషి తల వంచి దిగడానికి పట్టేంత సేపు అమ్మ ఆ డోరు పట్టుకుని నిలబడింది. స్టీరింగ్ ముందు కూర్చున్న నాకు, వెనక నుంచి ఒక బరువు దిగి కారు కొద్దిగా పైకి లేవడం తెలిసింది.