అనంతసాగరం ఆటోలో నా దోమలు

చెవి దగ్గర దోమ జుయ్యిమంటే లోకమంతా చెయ్యెత్తి కొట్టే ఆ రోజుల్లో, నేను మాత్రం అది ఆడదా మగదా అని చూస్తూ కూర్చునేదాన్ని. యూనివర్సిటీలో డెంగీ దోమల మీద రీసెర్చి చేస్తుండేదాన్ని. వీధుల్లో దోమలకు పొగ కొట్టే పొగబండిలో వాడే మందుకు మన దోమలు ఇంకా చస్తున్నాయా, లేక అలవాటు పడిపోయాయా అన్నది నా ప్రశ్న. (నాయన ఊళ్ళో "మా పాప డాక్టరు సదవతా ఉండాది" అని చెప్పి, ఏం డాక్టరని వాళ్ళు అడిగేలోపు వానల సంగతి ఎత్తుకునేవాడు.) ఉదయగిరి వీధుల్లో సిమెంటు తొట్లూ పాత టైర్లూ గాలించి, నీళ్ళలో గిలగిలలాడే దోమ పురుగుల్ని డబ్బాల్లో పట్టి బస్సులో ఆత్మకూరు తెచ్చి, నా అద్దె మేడగదిలో టబ్బుల్లో పెంచేదాన్ని. రెక్కలొచ్చాక తెర కట్టిన పంజరంలోకి మార్చి, చక్కెర నీళ్ళలో ముంచిన దూది పెట్టి, ఎండకు సొమ్మసిల్లకుండా తడి తువ్వాలు కప్పేదాన్ని. అంత సేవ నాకెవరూ చెయ్యలేదు.

చిక్కల్లా నేను పెద్దమ్మా అని పిలిచే ఇంటి ఓనరమ్మతో. ఆమె కోడలు డెంగీతో నెల్లూరు ఆసుపత్రిలో పడి, అప్పుడప్పుడే ఇంటికొచ్చింది. పెద్దమ్మ చీపురు పట్టుకుని "ఆ దోమ నా కంటబడాల, చెప్తా దాని సంగతి" అని ఇల్లంతా తిరుగుతుంటే, సరిగ్గా ఆమె నెత్తి మీద గదిలో నేను పంజరం నిండా ఆ జాతినే సాకుతున్నాను. అవి రోగం లేనివని, పురుగులప్పటి నుంచి నా చేతుల్లో పెరిగినవని నాకు తెలుసు. పెద్దమ్మకు చెప్పే ధైర్యమే లేదు.

ఒకరోజు మా గైడు సారు ఫోన్ చేసి, పరీక్ష సామాను తీసుకుని మరునాడు పొద్దున వస్తానన్నారు. "బతికున్న దోమలు చూపించకపోతే టాపిక్ మార్చేద్దామమ్మా. బొద్దింకలు ఖాళీగా ఉన్నాయి" అని కూడా అన్నారు. బొద్దింక కనిపిస్తే మంచమెక్కి అరిచే మనిషిని నేను. ఆ దిగులుతోనే పంజరంలోకి తొంగి చూస్తుంటే, సాయంత్రం కింది నుంచి పెద్దమ్మ కేక వినిపించింది. "అమ్మాయ్, తలుపులు కిటికీలు తెరిసి పెట్టు! పొగబండి వస్తా ఉండాది! కౌన్సిలరు పానం తీసి పిలిపించినా!"

కొంచెం పొగ సోకినా పరీక్ష చెల్లదు. ఎండాకాలం మొదలై ఉదయగిరిలో తొట్లన్నీ ఎండిపోయాయి, మళ్ళీ పురుగులు దొరకవు. బండి మోత వీధి మలుపు తిరిగింది. టబ్బులు మొయ్యలేక, తువ్వాలు కప్పిన పంజరాన్ని మాత్రం గుండెలకు హత్తుకుని మెట్లు దిగి పరుగందుకున్నాను. సందులోకి తిరిగితే పొగ, మార్కెట్ వైపు తిరిగితే పొగ. ఊరంతా సంతోషంగా వాకిళ్ళు తెరిచి నిలబడితే, నేనొక్కదాన్నే దొంగలా పారిపోతున్నాను. చివరికి అనంతసాగరం వెళ్ళే షేర్ ఆటో కదలబోతుంటే ఎక్కేశాను.

ఎదురు సీట్లో ఒకామె, ఆమె పక్కన ఒళ్ళో మేకపిల్లతో ఒక పెద్దాయన.

"ఏందమ్మా అది, తడిగుడ్డ కప్పినావు?" అందామె.

"మల్లె అంట్లు" అన్నాను. నోటికి అదే వచ్చింది.

ఆమె చెవి దగ్గరగా పెట్టింది. "మల్లెలు పాడతా ఉండాయేంది?"

నేను జవాబు వెతుక్కునేలోపు మేకపిల్ల మెడ చాచి తువ్వాలు కొస నోట కరిచి ఒక్క లాగు లాగింది. తెర వెనక నా దోమలన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆమె కెవ్వున అరిచింది. పెద్దాయన "నిలపరా!" అన్నాడు. ఆటో కీచుమని ఆగింది.

"ఊరోళ్ళు జరాలతో సస్తా ఉంటే నువ్వు దోమల్ని సాకతా ఉండావా?" అని డ్రైవరు నా మీదికొచ్చాడు.

"ఏ మందుకు చస్తాయో చూడటానికి, అన్నా! పొగ సోకకూడదని తెచ్చుకున్నా!"

"సంపేదానికా? మరి పొగ నించి ఎందుకు ఎత్తుకొచ్చినావు?" అంది ఆమె.

"చంపాలంటే ముందు బతికుండాలి కదమ్మా" అన్నాను. చెబుతుంటేనే నాకూ అదేదో పిచ్చిమాటలా వినిపించింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మరుక్షణం నేనూ నా పంజరమూ రోడ్డు మీద ఉన్నాం. పెద్దాయన మాత్రం మేకపిల్ల నోట్లోంచి తువ్వాలు లాగి నా చేతికిచ్చి, "జాగర్త తల్లీ, మీ ఇంట్లో వాళ్ళకి ఫోన్ చెయ్యి" అన్నాడు. పాపం, నాకు మతి చలించిందనుకున్నాడు.

అటూ ఇటూ చేలు, గాలిలో పొగ వాసన లేదు. రోడ్డు పక్కనే కూలబడి ఒక్కో దోమనూ చూసుకున్నాను. అంతలో పెద్దమ్మ ఫోన్. "యాడుండావే? నీ రూము తలుపు నేనే తీసి లోపల గూడా పొగ కొట్టించినా. టబ్బుల్లో నీళ్ళు పురుగులు పట్టుండాయి, పారబోసి తోమి పెట్టినా. ఆడపిల్లవి, ఇంత అసింకంగా ఉంటే ఎట్టా?" (పురుగుల్ని చంపటానికి అంతకంటే మంచి పద్ధతి ఇప్పటికీ ఎవరూ కనిపెట్టలేదు.) "తప్పయింది పెద్దమ్మా" అని ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకున్నాను. పంజరంలోవే ఇక నా ఆస్తి.

పొగంతా పోయాక తిరిగొచ్చి, ఆ రాత్రి పంజరంతో డాబా మీదే పడుకున్నాను. మరునాడు సారు వచ్చి, పొగబండి మందు పూసిన కాగితాలున్న గొట్టాల్లోకి వాటిని వదిలారు. గోళ్ళు కొరుక్కుంటూ ఎదురుచూశాను. ఆ తర్వాతి పొద్దున గొట్టాలు వెలుతురుకు ఎత్తి చూస్తే, నాలుగైదు తప్ప అన్నీ హాయిగా ఎగురుతున్నాయి. సారు ఒక్కో గొట్టంలో దోమలు లెక్కపెట్టారు. ఆ మందు ఇక పని చెయ్యదని తేలింది. నా థీసిస్ నిలబడింది. తర్వాత ఆయన నెమ్మదిగా నవ్వుతూ, "నువ్వు గదిలోనే కూర్చున్నా ఇవి చచ్చేవి కాదమ్మా" అన్నారు.

"పొగ సోకితే పరీక్ష చెల్లదు కదా సార్" అన్నాను ఉక్రోషంగా. ఆయన ఒప్పుకున్నారు గానీ నవ్వు ఆపలేదు.

ఇప్పుడు నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. పెళ్ళిచూపులకు గానీ ఉద్యోగం ఇంటర్వ్యూకు గానీ మళ్ళీ అంత వేగంగా పరిగెత్తిన గుర్తు లేదు. ఆ సాయంత్రం చేల పక్కన కూలబడ్డ ఆ పిల్ల, అప్పటి నేను, ఇప్పుడు ఎదురైతే, భయపడకు అని చెప్పను. చెప్పినా వినే రకం కాదు. పక్కన కూర్చుని, కాసేపు ఆ పంజరం నేను పట్టుకుంటాను.