గైక్ ఆంటీ బాల్కనీకి తెర

మలేషియాలోని పినాంగ్‌లో కొండ దాపునున్న ఆ పాత ఫ్లాట్లలో వాన కబురు రేడియో కంటే ముందు గైక్ ఆంటీయే చెప్పేది. మూడో అంతస్తు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేది. కొండ నెత్తిన మబ్బు ముసిరిందో లేదో, "వానో... వాన! బట్టలు తీసుకోండర్రా!" అని కేకేసేది. అన్ని అంతస్తుల్లోనూ బట్టలారేసిన వెదురు గడలు గబగబా లోపలికి జరిగేవి. ఇరవై ఆరేళ్ళలో ఆ కేక ఒక్కసారి కూడా వమ్ము కాలేదు.

చదువు ఆరో తరగతి దాటలేదు గానీ, ఆ బ్లాకులో ఎవరింట ఏం ఉడుకుతోందో, ఎవరి కోడలు ఏ పూట అలిగిందో ఆమెకు తెలియాల్సిందే. "ఊరికే అడిగాలే" అంటూ మొదలుపెట్టి ఏడు తరాల సంగతులు లాగేది.

చిక్కల్లా ఎండతోనే. మూడు దాటిందంటే ఎండ నేరుగా ముఖాన కొట్టేది. సరిగ్గా బడి బస్సు వచ్చే వేళ, చేపల రోస్లాన్ బండి వచ్చే వేళ ఆమె లోపలికి పోవాల్సి వచ్చేది. భర్త బూన్ లియాంగ్‌కి ఆ వెలుతురులో టీవీ బొమ్మ కనబడేది కాదు.

"బయట తెర వేయిద్దాం గైక్. నా టీవీకి నీడ, నీ ముఖానికీ నీడ," అన్నాడాయన.

"తెర వేస్తే నాకు లోకం ఎలా కనబడుతుంది, ముసలాయనా?"

"నాలుగు రోజులు నువ్వు కనబడకపోతే లోకం కాస్త ఊపిరి పీల్చుకుంటుందిలే."

తెరలు బిగించే హనాఫీ వచ్చాడు. కొలతలు తీసేలోపే అతనికి ఇద్దరు కూతుళ్ళనీ, అత్తగారితో మాటల్లేవనీ ఆంటీ తెలుసుకుంది. అతను నల్లటి సన్న వల గుడ్డ చూపించాడు.

"లోపల్నుంచి మీకు అంతా కనబడుతుంది ఆంటీ. పగటిపూట బయటివాళ్ళకి మీరు కనబడరు."

ఆంటీ కళ్ళు మెరిశాయి. "ఏదీ, ఆ ముక్క మళ్ళీ చెప్పు బాబూ!"

"నాలుగు రోజులు కట్టి చూడండి. నచ్చకపోతే విప్పుకుపోతాను."

మొదటిరోజు ఆంటీకి పట్టపగ్గాల్లేవు. కింద నిలబడి ముక్కులో వేలు పెట్టుకున్న పెద్దమనిషిని కూడా కడుపారా చూసి నవ్వుకుంది. నాలుగింటికి కొండ వైపు చూస్తే దట్టంగా నల్లబడి ఉంది. ఇంకేముంది, కేకేసింది. బ్లాకంతా పరుగులు. గడలన్నీ లోపలికి పోయాయి. బయట మాత్రం అప్పడాలు ఎండబెట్టుకోదగ్గ ఎండ! చుక్క పడలేదు.

"ఆంటీకి వయసు మీద పడిందర్రా," అని కింద ఎవరో అనడం తెర లోంచి వినబడింది. ఆంటీకి అన్నం సయించలేదు.

మర్నాడు మళ్ళీ నల్లబడింది. "ఈసారి నేను నోరు విప్పితే ఒట్టు," అనుకుని పెదవులు బిగించుకుని కూర్చుంది. పది నిమిషాల్లో కుండపోత. అందరూ ఆమె కేక కోసం చూస్తూ ఉండిపోయారేమో, ఒక్క గడా కదల్లేదు.

మొదటి అంతస్తు జమీలా నీళ్ళోడుతున్న బుట్టతో పైకొచ్చింది.

"ఏం ఆంటీ, నామీదేమైనా కోపమా? ఎండకి కేకేస్తారు, వానకి గమ్మునుంటారు!"

"నాకేం తెలుసే అమ్మాయ్! నిన్న ఇలాగే నల్లగా ఉంది, ఇవాళా ఇలాగే ఉంది."

జమీలా బుట్ట కింద పెట్టి ఆంటీ కుర్చీలో కూర్చుంది. తెర లోంచి చూసింది, తెర పక్కకి లాగి చూసింది, మళ్ళీ లోంచి చూసింది. పడీ పడీ నవ్వింది.

"ఈ గుడ్డ లోంచి చూస్తే ఏడాది పొడుగునా వానాకాలమే ఆంటీ!"

ఆంటీ కూడా చూసింది. నవ్వొచ్చింది, దానితోపాటే పీకల్దాకా సిగ్గూ ముంచుకొచ్చింది. ఇరవై ఆరేళ్ళు నిలబెట్టుకున్న మాట రెండు రోజుల్లో గుడ్డపాలైంది.

అయిదో రోజు హనాఫీ వచ్చాడు. "ఉంచనా, విప్పనా ఆంటీ?"

"ఉంచు. నాలుగు రోజుల్నించీ హాయిగా టీవీ చూస్తున్నా," అన్నాడు బూన్ లియాంగ్.

ఆంటీ గడప మీద నిలబడి అటూ ఇటూ చూసింది. ఆ నీడ ఎంత సుఖమో ఆమెకూ తెలుసు. "టీవీ వైపు సగం ఉంచు. నా కుర్చీ వైపు సగం తీసెయ్యి," అంది.

"సగం తెర ఎవరూ వేయించుకోరు ఆంటీ!"

"నేను వేయించుకుంటున్నాగా! ఎండ పడితే పడనీ, టోపీ పెట్టుకుంటా. మబ్బేదో ఎండేదో తెలియకపోతే ఇక్కడ కూర్చుని నేనేం చెయ్యను?"

ఆ వారంలోనే ఒక సాయంత్రం, వెడల్పాటి గడ్డి టోపీ కింద నుంచి చూస్తే కొండ నెత్తి నిజంగానే కనుమరుగైంది. ఆంటీ లేచి నిలబడి గొంతెత్తింది. "వానో... వాన!"

ఒక్క గడా కదల్లేదు. మొదటి అంతస్తు నుంచి జమీలా తల బయటికి పెట్టింది.

"తెర లోంచి చూశారా ఆంటీ, బయటినుంచా?"

"బయటినుంచేనే, నీ తెలివి తగలెయ్య! ముందు బట్టలు తియ్యి!"

అప్పుడు కదిలాయి, అన్ని అంతస్తుల గడలూ.