సరోజ నెత్తిమీది గమేలా

మీరంతా కడుపు పట్టుకొని నవ్వుతరని తెలిసే చెప్తున్న. కామాటిపురా చాళ్లల్ల, ఆ వరుస ఇండ్లల్ల, నా అంత తెలివిగలది లేదని నేననుకునే రోజులవి. ఆ తెలివితోనే ఒక పిల్ల ఎన్నాళ్ల కష్టాన్నో ఒక్క గడియల మట్టిపాలు చెయ్యబోయిన.

ఎనభైల మాట. మా ఆయన మేస్త్రి, నేను ఆయన కిందనే ఇటుకలు మోసేదాన్ని. మా పక్క ఖోలీల సరోజ ఉండేది, వరసకు ఆడబిడ్డ. వాళ్లమ్మ ఇటుకల గమేలా, అదే ఇనుప తట్ట, మోసి మోసి నడుము వంగినామె. ఈ పిల్లేమో బొమ్మల కాలేజీల చేరింది. చేరినాక గీసుడు మానేసి, నా ఒళ్లే నా బొమ్మ వదినా అనుడు మొదలుపెట్టింది. పోనీలే, రంగుల ఖర్చు తప్పింది అనుకున్న.

ఒకనాడొచ్చి బరువు మోసుడు నేర్పమంది. అమ్మ మోసిన బరువే తన నెత్తిన పెట్టుకొని, పొద్దటిసంది దీపాలు పెట్టేదాక కదలకుండ, పలకకుండ నిలబడుతదట. కాలేజీ సార్లు చూడనీకి వస్తరట. నడుమ దించితే ఇది కళ కాదు, మొండితనమని తీసిపారేస్తరట. మెడ ఎట్ల నిలపాలె, నెత్తికి బట్ట ఎట్ల చుట్టాలె, చూపు ఎక్కడ పెట్టాలె, అన్నీ నేర్పిన. నేనేం చెయ్యొద్దో మాత్రం నేర్చుకోలే.

ఫాక్‌లాండ్ రోడ్డు పక్క ఒక ఖాళీ గోదాంల ఆట పెట్టిండ్లు. మధ్యాహ్నం బువ్వ యాళ్ల నేనూ మా ఆయనా పని మీదికెళ్లి ఉరికిపోయినం. నడుమ సరోజ, నెత్తిన గమేలా నిండ ఇటుకలు. చుట్టూ ఇస్త్రీ బట్టలోళ్లు చేతులు కట్టుకొని, పెండ్లిల బంతి లేచేదాక ఆగినట్టు నిలబడ్డరు. పిల్ల మెడ నరాలు తాళ్లలెక్క తేలినయి. కండ్ల నిండ నీళ్లు. ఆ కండ్లు తిరిగి నన్ను చూసినయి.

మా పనిల ఒక పద్ధతుంటది. నెత్తిన బరువున్నామె నీ దిక్కు చూసిందంటే, సంకల పిల్ల ఉన్నా కింద దించి ఉరకాలె. అడుగుడుండదు, చూపే పిలుపు. నా కాళ్లు నన్నడగనే లేదు. జనాన్ని తోసుకుంట పోయి, గమేలా అందుకొని దబ్బున కింద పెట్టిన. పెట్టి ఊకున్ననా? ఆ పెద్దమనుషుల దిక్కు తిరిగి, ఆడపిల్ల పానం పోతుంటే తమాషా చూస్తున్నరా, మీకు అక్కచెల్లెండ్లు లేరా అని కడిగిపారేసిన.

మా ఆయన నా చెవిల, "ఏమే, అదే ఆట. మొత్తం చెడగొట్టినవ్" అన్నడు.

"మరి ఏడుస్తుంది గద?"

"ఏడ్చుడు గూడ ఆటలనే ఉంది."

సరోజ పలకలేదు, పలకననుకుంది గద. కానీ ఆ చూపుకు పచ్చి ఇటుకలు గూడ కాలేటివి. ఒక సారు గొంతు సవరించుకొని, మళ్ల మొదటికెళ్లి నిలబడితే ఒప్పుకుంటమన్నడు. పిల్ల వేలితో ముందు గమేలా చూపెట్టింది, తర్వాత నన్ను. ఎత్తి మళ్ల పిల్ల నెత్తిన పెట్టిన. ఒక ఇటుక జారి నా కాలు మీదనే పడ్డది. కుయ్యిమనలేదు, ఏ మొఖంతోని అనాలె? ఆ తర్వాత పొద్దుగూకేదాక మా ఆయన నా రెండు చేతులు దొంగను పట్టినట్టు పట్టుకొని నిలబడ్డడు.

గోదాంల బల్బు వెలిగింది. చప్పట్లే చప్పట్లు. సరోజ నెగ్గింది. మా ఆయన నా చేతులు వదిలిండు. సరోజ నా దిక్కు చూసింది. నేను పైకప్పు దిక్కు చూసిన. సరోజ దగ్గింది. నేను గోడ దిక్కు తిరిగిన. ఇంకోసారి మోసపోయేదాన్నా? చప్పట్లు ఆగినయి, సార్లు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. అప్పుడు, పొద్దటిసంది పెదవి విప్పని పిల్ల నోరు తెరిచింది.

"వదినా, నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడు దించు."

ఆ దినమే నా నెత్తిన చెయ్యి పెట్టుకొని ఒట్టేసుకున్న. బరువున్నామె కనపడితే, చెల్లె, ఇది పనా, ఆటనా అని అడిగి, జవాబొచ్చినంకనే చెయ్యేస్త. నాగ్‌పాడా బజార్ల అట్లడిగినందుకు ఒక చేపలామె, గంప నెత్తిన ఉండంగనే, మరాఠీల నా ఏడు తరాలను తిట్టింది. తిట్టనీ. ఒట్టంటే ఒట్టే.